ఒక్క చిరునామా, రెండు కంప్యూటర్లు

క్రిందటి సంవత్సరం శ్రావణమాసంలో మన సంఘానికి జరిగిన అప్రతిష్ఠను గురించి సభ్యులు కొంత వినే ఉంటారు. విన్నవారు దానికి మరికొంత చేర్చి చెప్పుకొంటున్నారు కూడాను. అందుచేత జరిగినది జరిగినట్లు వ్రాసి, అది ఎందువల్ల జరిగినదో, తరువాత మేము ఏమి చేసినామో పాఠకుల ముందు పెట్టడం మా విధి అనుకొన్నాము. ఇంటికి రెండేసి కంప్యూటర్లు, మూడేసి ఫోన్లు పెట్టుకొని ఒక్క ఈమెయిలు చిరునామాతో కాలక్షేపం చేస్తున్న కుటుంబాలు మనలో చాలా ఉన్నవి గనుక ఇది సంఘం గొడవ మాత్రమే కాదు.

రాయచూరు నుండి దేవదుర్గం పోయే దారిలో ఉన్న గబ్బూరును మన వారికి మేము పరిచయం చేయనక్కర లేదు. చాళుక్యుల నాటి గుడులు, గుడుల దగ్గర నిలిచి ఉన్న శిలాశాసనాలు చూడడానికి ఎక్కడెక్కడివారో వస్తుంటారు. ఈ సీమ 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం నుండి విడివడి మైసూరులో చేరినది. అంతకు ముందు నుంచీ ఇక్కడ ఉన్న తెలుగు కుటుంబాలు కొన్ని. తుంగభద్ర కాలువలు వచ్చిన తరువాత గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి సింధనూరు, మానవి, గంగావతి ప్రాంతాలకు వచ్చి క్యాంపులు వేసుకొన్న కుటుంబాలు కొన్ని. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఈ కుటుంబాలన్నిటినీ కలిపి ఉంచేది ఉత్తరమే. ఒకప్పుడు ఇన్లాండు కవరు, తరువాత టెలిఫోను, ఇప్పుడు ఈమెయిలు.

మన సంఘానికి ఉన్నది ఒక్క ఈమెయిలు చిరునామా. కోశాధికారిగారు గబ్బూరులో ఉంటారు; వారికి ఎరువుల కొట్టు. కార్యదర్శిగారు రాయచూరులో ఉంటారు. ఇద్దరి దగ్గరా చెరొక కంప్యూటరు. ఇద్దరూ ఒకే చిరునామాకు వచ్చిన ఉత్తరాలు చూసుకోవాలి గనుక, ఏనాడో ఒక కుర్రవాడు వచ్చి రెండింటిలోనూ మెయిలు ప్రోగ్రాము పెట్టి, ఇద్దరికీ నమస్కారం చేసి వెళ్ళిపోయినాడు. అప్పటి నుంచీ ఇద్దరికీ ఉత్తరాలు వస్తున్నవి. వస్తున్నవి అనే అందరమూ అనుకొన్నాము.

ఒక వింత మాత్రం కార్యదర్శిగారు అప్పుడప్పుడు చెప్పేవారు. 'మునుపటిలాగా మనవారెవరూ వ్రాయడం లేదండీ, సంఘమంటే జనానికి ఆసక్తి తగ్గినది' అని. కోశాధికారిగారు మాత్రం 'వ్రాయకేమి, రోజూ పది వస్తున్నవి' అనేవారు. వారి వారి స్వభావాలను బట్టి చెప్పుకొనే మాటలని మేము పట్టించుకోలేదు. ఒకాయన నిరాశావాది, మరొకాయన ఆశావాది అని సరిపెట్టుకొన్నాము. అసలు సంగతి ఏమిటంటే కోశాధికారిగారు తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తారు.

ఇక జరిగిన విషయం. సింధనూరు దగ్గర ఒక క్యాంపులోని రైతు కూతురు బళ్ళారిలో ఇంజనీరింగు చదువుతున్నది. కాలేజీ రుసుముకు సహాయం కోరుతూ, మార్కుల పత్రం జతపరచి, గడువుకు ఎనిమిది రోజుల ముందుగానే సంఘం చిరునామాకు ఈమెయిలు పంపినది. ఆ సమయానికి కోశాధికారిగారు కూతురి పురిటికని హైదరాబాదు వెళ్ళి ఉన్నారు. కొట్టులో కంప్యూటరు మాత్రం వారి మేనల్లుడు జమాఖర్చులకు వాడుకొంటున్నాడు. అతను మెయిలు జోలికి పోడు. కాని ప్రోగ్రాము వెనుక తెరిచే ఉన్నది. పది నిముషాలకొకసారి సర్వరు దగ్గరకు పోయి, అక్కడ ఏ ఉత్తరం ఉంటే దానిని తెచ్చుకొని, తెచ్చుకొన్న తరువాత సర్వరు మీద తుడిచివేస్తున్నది. రాయచూరులో కార్యదర్శిగారు ఉదయం తొమ్మిదింటికి కాఫీ త్రాగి కంప్యూటరు తెరిచేసరికి అక్కడ ఏమీ లేదు. కమిటీ కూర్చున్నది. వచ్చిన దరఖాస్తులు రెండే అని, ఉన్న సొమ్ము ఆ ఇద్దరికీ మంజూరు చేసి, టీ త్రాగి లేచినది.

పదిహేను రోజులకు ఆ రైతు ఫోను చేశాడు. 'మా అమ్మాయి దరఖాస్తు నచ్చకపోతే నచ్చలేదని ఒక ముక్క వ్రాయవచ్చు గదండీ. కనీసం జవాబైనా లేదే' అన్నాడు. కోపంగా అనలేదు, అందువల్లనే మాకు మరింత బాధ అయినది. అప్పటికే ఇంటావిడ గాజులు తాకట్టు పెట్టి నలభై వేలు కట్టివేశాడట. దరఖాస్తు ఎక్కడికీ రాలేదని కార్యదర్శిగారు గట్టిగా చెప్పినారు. అమ్మాయి తాను పంపిన తేదీ, గంట చూపించినది. గబ్బూరు కొట్టులోని కంప్యూటరు తెరిస్తే, అదుగో, అందులో ఉన్నది. దానితో పాటు మరి ముప్పై ఉత్తరాలు.

కోశాధికారిగారు హైదరాబాదు నుంచి వచ్చిన రోజునే ఆ అమ్మాయికి ఫోను చేసి, 'తల్లీ, తప్పు మాది' అన్నారు. ఆమె ఒక నిముషం ఊరుకొని, 'తాతగారూ, మీ కంప్యూటర్లో మెయిలు పాప్‌లో పెట్టారా, ఐమ్యాప్‌లోనా?' అని అడిగినది. మా కోశాధికారిగారు ఎరువుల వ్యాపారి గదా. 'మా దగ్గర డి.ఏ.పి. ఉన్నది కాని ఆ రెండూ లేవమ్మా' అన్నారు. ఆ అమ్మాయి నవ్వినది. ఆ నవ్వుతో మా మనసులు కొంత కుదుటపడినవి. గాజుల సొమ్ము సంఘం నిధి నుంచి కాక కమిటీ సభ్యులమే తలా కొంత వేసుకొని, వడ్డీతో సహా చెల్లించినాము. అది వేరే సంగతి. ఆమె దసరా సెలవులకు తండ్రితో గబ్బూరు వచ్చి రెండు రోజులు కూర్చుని రెండు కంప్యూటర్లనూ చక్కబెట్టినది. ఈ వ్యాసంలోని విషయంలో చాలా భాగం అప్పుడు ఆమె ప్రక్కన కుర్చీలు వేసుకొని మేము నేర్చుకొన్నదే.

పాప్ అంటే 'పోస్టాఫీసు పద్ధతి' అని అర్థం. పేరుకు తగినట్లే అది పని చేస్తుంది. ఉత్తరం పోస్టాఫీసుకు వస్తుంది; మన మనిషి పోయి తెచ్చుకొంటాడు; ఆ తరువాత పోస్టాఫీసుకు ఆ ఉత్తరంతో సంబంధం లేదు. ఇంట్లో పెట్టెలో పెట్టుకొంటామో, పారేసుకొంటామో మన ఇష్టం. దీని మొదటి రూపం 1984లో వెలువడినది. ఇప్పటికీ వాడుకలో ఉన్న మూడవ రూపం 1988లో వచ్చినది. ఆ రోజులలో అదే న్యాయం. సర్వరు మీద చోటు తక్కువ, టెలిఫోను తీగ మీద గడిపే ప్రతి నిముషానికీ ఖరీదు. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసులలో ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు కూడా గంటల లెక్కనే అమ్మినారు. మోడెము కూతలు కూసి లైను దొరకగానే గబగబా ఉత్తరాలు దింపుకొని లైను పెట్టివేయడం ఆనాటి వారందరికీ అలవాటు. ఒక మనిషికి ఒక కంప్యూటరు ఉన్నంత కాలం ఈ పద్ధతిలో లోపం ఏమీ లేదు.

రెండవ కంప్యూటరు రాగానే చిక్కు మొదలవుతుంది. ఉమ్మడి కుటుంబానికి వచ్చిన ఉత్తరాన్ని ముందు లేచినవాడు తీసి తన పెట్టెలో వేసుకొని తాళం వేస్తే తక్కినవారికి ఉత్తరం వచ్చిన సంగతే తెలియదు. పాప్ పద్ధతిలో 'తెచ్చుకొన్న తరువాత సర్వరు మీద నకలు ఉండనివ్వు' అనే ఏర్పాటు ఒకటి ఉన్నది. రాయచూరు కంప్యూటరులో ఆ గడిలో టిక్కు ఉన్నది; గబ్బూరు దానిలో లేదు. అంటే కార్యదర్శిగారు ముందు తెరిచిన రోజున ఇద్దరికీ ఉత్తరం అందేది. కోశాధికారిగారు ముందు తెరిచిన రోజున వారికి మాత్రమే. నాలుగున్నరకు లేచే మనిషితో తొమ్మిదింటికి లేచే మనిషి ఏ రోజున పోటీ పడగలడు? ఏళ్ళ తరబడి ఇలా నడిచినది. ఒక్క గడిలో టిక్కు లేకపోవడం వల్ల సంఘం మీద జనానికి ఆసక్తి తగ్గినదని మేము రెండు వార్షికోత్సవాలలో ఉపన్యాసాలు కూడా ఇచ్చినాము.

ఇద్దరూ ఆ టిక్కు పెట్టుకొంటే చాలదా అని మేము అడిగినాము. చాలదు. ఉత్తరం ఇద్దరికీ చేరుతుంది, నిజమే. కాని గబ్బూరులో చదివినది రాయచూరులో చదవనట్లే కనబడుతుంది. ఇక్కడ తీసివేసిన చెత్త అక్కడ అలాగే ఉంటుంది. అన్నిటికంటె ముఖ్యం, మనం పంపిన జవాబులు. పాప్ అనేది వచ్చే ఉత్తరాల మాట మాత్రమే ఎరుగును. పంపిన ఉత్తరం నకలు పంపిన కంప్యూటరులోనే ఉండిపోతుంది. ఒకసారి రాయచూరు కల్యాణమండపం గురించి అడిగిన ఒక సభ్యునికి గబ్బూరు నుంచి 'దొరుకుతుంది' అనీ, రాయచూరు నుంచి 'దొరకదు' అనీ రెండు జవాబులు ఒకే రోజున వెళ్ళినవి. ఆయన పెద్దమనిషి గనుక మూడవ జవాబు కోసం వేచి చూసినాడు.

ఈ చిక్కుకు మందు కనిపెట్టి చాలా కాలమైనది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పని చేస్తున్న మార్క్ క్రిస్పిన్ అనే ఆయన 1986లో ఐమ్యాప్ అనే పద్ధతిని రూపొందించినాడు. మొదట దాని పేరులోనే 'తాత్కాలిక' అనే మాట ఉండేది. తాత్కాలికమని పెట్టినవి ఎంత శాశ్వతంగా ఉంటవో మన ఆఫీసులలో పని చేసినవారికి చెప్పనక్కర లేదు. తరువాత ఆయన వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఉండి దానిని పెంచుతూ వచ్చినాడు. నాలుగవ రూపం 1994లోను, దాని సవరణలు 1996లోను, 2003లోను వచ్చినవి. ఇటీవలి సవరణ 2021లో వచ్చినది. క్రిస్పిన్ దానిని చూడలేదు. 2012 డిసెంబరులో తన యాభై ఆరవ ఏట గతించినాడు. ప్రపంచంలో ఇందరు ప్రతి ఉదయమూ ఆయన చేసిన ఏర్పాటు మీద ఉత్తరాలు చదువుకొంటున్నారు. ఆయన పేరు మాత్రం మాకు ఆ అమ్మాయి చెప్పేదాకా తెలియదు.

ఐమ్యాప్‌ను మాకు బోధపరచడానికి ఆమె గబ్బూరు శాసనాన్నే ఉదాహరణగా తీసుకొన్నది. రాయి గుడి దగ్గరే ఉంటుంది. చదవవలసినవారు అక్కడికి పోయి చదువుతారు, లేదా కాగితం అద్ది అచ్చు తీసుకొని ఇంటికి తెచ్చుకొంటారు. ఎందరు అచ్చులు తీసుకొన్నా రాయి రాయిగానే ఉంటుంది. అసలు ఉత్తరం సర్వరు మీద ఉంటుంది. గబ్బూరులోను, రాయచూరులోను, జేబులోని ఫోనులోను ఉన్నవి దాని నకళ్ళు. ఎవరు చదివినా, జవాబిచ్చినా, వేరే ఫోల్డరులోకి మార్చినా ఆ సంగతి రాయి మీదనే గుర్తు వేయబడుతుంది. తక్కిన నకళ్ళు ఆ గుర్తును చూసి తమను తాము సరిచేసుకొంటవి.

అది ఎలా సరిచేసుకొంటుందో తెలుసుకోవాలని మాకు పట్టుదల కలిగినది. సర్వరు మీద ప్రతి ఫోల్డరులోను ప్రతి ఉత్తరానికీ ఒక వరుస సంఖ్య ఇస్తారు. రాయచూరు మార్కెట్టు యార్డులో ప్రత్తి కుప్పకు నంబరు వేసినట్లన్నమాట. సంఖ్య పెరుగుతూ పోవడమే గాని, ఒక ఉత్తరం తీసివేసినంత మాత్రాన దాని సంఖ్య మరొక దానికి ఇవ్వరు. మన ప్రోగ్రాము 'నేను 512 దాకా చూసినాను, తరువాత వచ్చినవేమిటి?' అని అడుగుతుంది. సర్వరు 513, 514 ఇస్తుంది. ఆపైన పాతవాటి గుర్తులలో మార్పులేమిటో అడుగుతుంది. చదివినది, జవాబిచ్చినది, ముఖ్యమైనది, తీసివేయదగినది, చిత్తుప్రతి అని గుర్తులు ఉంటవి. ఎప్పుడైనా సర్వరువారు పుస్తకం మార్చి సంఖ్యలన్నీ మొదటి నుంచి వేయవలసి వస్తే, ఆ పుస్తకానికే ఉన్న వేరొక సంఖ్య మారుతుంది. అది మారినట్లు చూడగానే మన ప్రోగ్రాము తన దగ్గర ఉన్న పాత నకళ్ళను నమ్మడం మాని అన్నిటినీ మళ్ళీ దింపుకొంటుంది. ఏ కారణమూ లేకుండా ఒక రోజున కంప్యూటరు వేల ఉత్తరాలను తిరిగి దింపుకొంటున్నదంటే కారణం ఇది అయి ఉండవచ్చు, భయపడనక్కర లేదు.

పది నిముషాలకొకసారి పోయి అడిగే పని కూడా తప్పినది. 1997లో చేర్చిన ఒక ఏర్పాటు వల్ల ప్రోగ్రాము లైను మీద మౌనంగా కూర్చుంటుంది. ఉత్తరం రాగానే సర్వరే పిలుస్తుంది. ఇప్పుడు గబ్బూరు కొట్టులో 'టింగు' మన్న క్షణంలోనే రాయచూరులో కూడా మ్రోగుతున్నది. కార్యదర్శిగారు ఇంకా తొమ్మిదింటికే లేస్తున్నారు. వారి ఫోను మాత్రం నాలుగున్నరకే లేస్తున్నది.

మారడం సులభమేనా అంటే, ఒక రోజు పని అనుకొన్నది రెండు రోజులు పట్టినది. సొంతంగా చేసుకోదలచినవారి కోసం మేము పడ్డ పాట్లు చెబుతాము. మా ప్రోగ్రాము థండర్‌బర్డ్. అందులో ఉన్న పాప్ ఖాతాను ఐమ్యాప్‌గా మార్చడం కుదరదు. అదే చిరునామాతో ప్రక్కనే క్రొత్తగా ఐమ్యాప్ ఖాతా తెరవవలెను. తెరిచే ముందు రెండు కంప్యూటర్లలోను పాత ఖాతా తనంత తాను ఉత్తరాలు తెచ్చుకోకుండా ఆపవలెను. ఈ మాట మేము మరచినాము. క్రొత్త ఖాతా చూస్తుండగానే పాత ఖాతా పోయి ఆ ఉదయం వచ్చిన నాలుగు ఉత్తరాలను తుడిచివేసినది. క్రొత్త ఖాతాలో నాలుగు ఉత్తరాలు కనిపించి, మా కళ్ళ ముందే మాయమైనవి. కోశాధికారిగారు 'దొంగను ఇప్పుడు చూశాను' అన్నారు. అవి పాత ఖాతాలోనే భద్రంగా ఉన్నవి లెండి.

తరువాత పాత ఉత్తరాలను సర్వరు మీదికి ఎక్కించవలెను. పాత ఖాతాలోని ఉత్తరాలను ఎంచి, ఐమ్యాప్ ఖాతాలో క్రొత్త ఫోల్డరు ఒకటి చేసి, అందులోకి నకలు వేస్తే అవి పైకి పోతవి. నకలు అంటున్నాము, తరలించమనడం లేదు. మధ్యలో కరెంటు పోయినా, లైను తెగినా పాతది పాతగానే ఉండవలెను గదా. దింపుకోవడం కంటె ఎక్కించడం పల్లెటూరి లైను మీద చాలా నిదానం. రాత్రి భోజనాలై పడుకొనే ముందు రెండు మూడు వందల ఉత్తరాల చొప్పున పెట్టి పడుకొన్నాము. ఒక్కసారిగా అన్నిటినీ ఎంచి పెడితే మధ్యలో నిలిచిపోయి, ఎంతదాకా పోయినవో తెలియక మళ్ళీ మొదలు పెట్టవలసి వచ్చినది.

రెండు కంప్యూటర్ల నుంచీ ఎక్కించినందువల్ల ఒకే ఉత్తరం రెండేసి సార్లు వచ్చినది. ప్రతి ఈమెయిలుకూ పుట్టినప్పుడే ఒక గుర్తింపు సంఖ్య తగిలించబడుతుంది. దానిని బట్టి జంటలను కనిపెట్టి ఒకదానిని తీసివేసే పరికరాలు ఉన్నవి. పంపిన ఉత్తరాల విషయంలో మరొక తమాషా. ఒక ప్రోగ్రాము ఆ ఫోల్డరును 'సెంట్' అంటుంది, మరొకటి 'సెంట్ ఐటమ్స్' అంటుంది, మూడవది 'సెంట్ మెయిల్' అంటుంది. ముగ్గురూ మూడు పెట్టెలు పెట్టుకొని ఎవరి దానిలో వారు వేసుకొంటే ఐమ్యాప్ ఉండీ లాభం లేదు. ప్రతి కంప్యూటరులోను, ఫోనులోను ఏర్పాట్లలోకి పోయి అందరికీ ఒకే ఫోల్డరు చూపించవలెను. జీమెయిల్ వాడేవారు ఇంకొక సంగతి గమనించవలెను: పంపిన దానిని జీమెయిల్ తానే దాచుకొంటుంది, ప్రోగ్రాము కూడా మరొకటి దాచమంటే ప్రతిదీ రెండుగా కనబడుతుంది.

పాస్‌వర్డు విషయంలో వాదన జరిగినది. ముగ్గురికీ ఒకే పాస్‌వర్డు, అది కొట్టులో క్యాలెండరు వెనుక పెన్సిలుతో వ్రాసి ఉండేది. అమ్మాయి దానిని చూసి మాట్లాడకుండా క్యాలెండరు చింపినది. ఇప్పుడు పాస్‌వర్డుతో పాటు ఫోనుకు వచ్చే అంకె కూడా ఇవ్వవలెను. పాత రకం ప్రోగ్రాములకు ఒక్కొక్క కంప్యూటరుకు విడిగా పదహారు అక్షరాల పాస్‌వర్డు తీసుకొనే వీలు ఉన్నది. కమిటీ మారినప్పుడు పోయినవారి కంప్యూటరు ఒక్కదానినే రద్దు చేయవచ్చును. తక్కినవారిని కదిలించనక్కర లేదు. అంకె ఎవరి ఫోనుకు రావలెననే దాని మీద కమిటీలో గంటన్నర చర్చ జరిగినది. ఆ చర్చ వివరాలు ఇక్కడ అనవసరం.

ఇక అసలు హెచ్చరిక. ఐమ్యాప్ పెట్టుకొన్నాము గదా, మూడు చోట్ల నకళ్ళు ఉన్నవి గదా, ఇక ఏదీ పోదు అని మేము సంతోషించినాము. అది పొరపాటు. ఒకచోట తీసివేసినది అన్నిచోట్లా పోతుంది. అలా పోవడమే ఈ పద్ధతి ధర్మం. రాయి మీద అక్షరం చెక్కివేస్తే నకళ్ళన్నీ తామే ముందుకు వచ్చి ఆ అక్షరాన్ని చెరుపుకొంటవి. జీమెయిల్‌లో తీసివేసినది చెత్తబుట్టలో ముప్పై రోజులు ఉంటుంది. ఆ తరువాత ఎంత ఏడ్చినా రాదు. కాబట్టి రాయితో సంబంధం లేని అచ్చు ఒకటి విడిగా ఉండవలెను. శాసనం మీద కాగితం అద్ది తీసుకొన్న అచ్చు, రేపు ఆ రాయిని ఎవరైనా పగులగొట్టి గోడలో కట్టుకొన్నా, చదవడానికి ఉంటుంది. మేము నెలకొకసారి, పౌర్ణమి నాడు, ఉత్తరాలన్నిటినీ కంప్యూటరులోని స్థానిక ఫోల్డరులోకి నకలు వేసి, దానిని ఒక విడి డిస్కులోకి ఎక్కించి కార్యదర్శిగారి బీరువాలో పెడుతున్నాము. పౌర్ణమి అయితే కోశాధికారిగారు మరువరు. వారికి ఆ రోజు సత్యనారాయణ వ్రతం.

చిరునామాల పుస్తకం, క్యాలెండరు ఐమ్యాప్‌తో రావు అని కూడా ఇక్కడ చెప్పవలెను. వాటికి వేరే పద్ధతులు ఉన్నవి. మా సభ్యుల చిరునామాలు ఇంకా రెండు కంప్యూటర్లలో రెండు రకాలుగా ఉన్నవి. ఒకరి దానిలో ఉన్న ఫోను నంబరు మరొకరి దానిలో లేదు. వచ్చే వేసవిలో ఆ పని పెట్టుకొన్నాము.

పాత ఉత్తరాలన్నీ ఒక్కచోటికి చేరిన తరువాత వాటిని వరుసగా చూసే అవకాశం మాకు మొదటిసారి కలిగినది. ఆ రాత్రులు మేము మరువలేము. అమెరికా నుంచి మనవారు ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు వ్రాసి పంపిన ఉత్తరాలు కొన్ని ఉన్నవి. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకొన్న తెలుగువారు 1990ల తొలినాళ్ళలో అలా వ్రాయడానికి ఒక పద్ధతి ఏర్పరిచినారు. పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడాతో దీర్ఘమూ, ఒత్తూ చూపించేవారు. కళ్ళు అలవాటు పడేదాకా చదవడం కష్టం, పడిన తరువాత ఆ మనిషి గొంతే వినబడుతుంది. ఏవో ఫాంట్లతో వ్రాసిన మరికొన్ని ఇప్పుడు ఏ కంప్యూటరులోను తెలుగుగా కనబడడం లేదు. యూనికోడ్ అందరికీ అలవాటైన తరువాత వచ్చినవన్నీ చక్కగా ఉన్నవి, వెదకితే దొరుకుతున్నవి కూడాను.

గబ్బూరు కంప్యూటరులో ఎవరూ తెరవనివి నూటికి పైగా తేలినవి. కోశాధికారిగారు చందాల ఉత్తరాలు తెరిచి, తక్కినవి కార్యదర్శిగారు చూసుకొంటారులే అని వదిలివేసేవారట. అవి రాయచూరుకు పోవడమే లేదని వారికి ఏమి తెలుసు? వాటిలో పెండ్లి శుభలేఖలు ఉన్నవి. ఆ పెండ్లిండ్లు జరిగి పిల్లలు బడికి పోతున్నారు. చనిపోయినవారి పేరిట అన్నదానానికి సొమ్ము ఎలా పంపాలని అడిగినవి రెండు. వారికి క్షమాపణతో జవాబులు వ్రాసినాము. ఒకరు వెంటనే సొమ్ము పంపినారు, ఒకరు మమ్మల్ని నాలుగు మాటలు అన్నారు. రెండూ న్యాయమే.

2017లో న్యూజెర్సీ నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి ఉన్నది. వ్రాసిన పెద్దాయన తాను గబ్బూరులో పుట్టినాననీ, తమ ఇల్లు పెద్ద గుడి వెనుక వీధిలో వేపచెట్టు ఉన్న ఇల్లనీ, తల్లిగారి చేతి మీదుగా కట్టిన ఆ ఇంటి ఫోటో ఒకటి ఎవరైనా తీసి పంపితే ఖర్చు తాము భరిస్తామనీ వ్రాసినారు. ఆ ఇల్లు మాకు తెలుసు. వేపచెట్టు ఇప్పుడు లేదు గాని అరుగు, తలుపు అలాగే ఉన్నవి. కోశాధికారిగారు స్వయంగా పోయి ఆరు ఫోటోలు తీసి, మూడు పేరాల క్షమాపణ వ్రాసి పంపినారు. మరునాడు అది తిరిగి వచ్చినది. ఆ చిరునామా ఇప్పుడు లేదని సర్వరువారి జవాబు. ఈ వ్యాసం చదివే వారిలో ఆ కుటుంబానికి చెందినవారుగాని, ఎరిగినవారుగాని ఉంటే సంఘానికి ఒక మెయిలో, ఒక పోస్టుకార్డో వ్రాయవలసినదిగా కోరుతున్నాము. ఫోటోలు రెండు కంప్యూటర్లలోను ఉన్నవి.